హెల్సింకిని ఊరివాళ్లలా చూడటం అంటే ఏమిటి?

ప్రపంచ ఆనంద నివేదికలో ఫిన్లాండ్ 2018 నుంచి 2025 దాకా వరసగా ఎనిమిదిసార్లు మొదటి స్థానంలో నిలిచింది. దాంతో ఆ దేశ రాజధాని హెల్సింకికి వెళ్లేవాళ్లలో కొత్త కోరిక ఒకటి పుట్టింది. చర్చి ముందు, కోట ముందు ఫోటో దిగి వచ్చేస్తే చాలదు, అక్కడివాళ్లు ఎలా బతుకుతారో అలా నాలుగు రోజులు గడిపి రావాలన్నది ఆ కోరిక. ‘లోకల్‌లా తిరగండి’ అని ప్రయాణాల వీడియోలు ఊదరగొడుతున్నాయి. హెల్సింకిలోనూ, దాన్ని ఆనుకునే ఉన్న ఎస్పోలోనూ ఉద్యోగాలు చేసుకుంటున్న పిల్లల్ని చూడ్డానికి వెళ్లే తెలుగు తల్లిదండ్రుల చేతుల్లో కూడా ఇలాంటి జాబితాలు కనిపిస్తున్నాయి.

తీరా జాబితా పట్టుకుని వెళ్తే, ‘ఎవరికీ తెలియని కాఫీ హోటల్’ ముందు ఇరవైమంది పర్యాటకులు లైన్లో నిలబడి ఉంటారు. అక్కడ ఊరివాళ్లెవరూ ఉండరు. మరి వాళ్లంతా ఎక్కడున్నట్టు?

## ఒకే మాటలో మూడు సంగతులు

‘ఊరివాళ్లలా’ అనే మాటలో మూడు వేరువేరు సంగతులు కలిసిపోయి ఉన్నాయి. వాటిని విడదీసుకుంటే సగం గందరగోళం తీరిపోతుంది.

మొదటిది చోటు: ఊరివాళ్లు వెళ్లే పేటలు, అంగళ్లు, హోటళ్లు. రెండోది ఉమ్మడి సొత్తు: పడవ, లైబ్రరీ, ఆవిరిగది, అడవి. ఊరంతా కలిసి నడుపుకునేవీ, ఊరందరూ వాడుకునేవీ ఇవే. మూడోది కాలం: ఏ నెలలో, ఏ వారంలో, ఏ పూట వాళ్లు ఏం చేస్తారు అన్నది.

వీడియోలన్నీ చోటు చుట్టూనే తిరుగుతాయి. నాకు మాత్రం హెల్సింకి అసలు స్వరూపం రెండో దాంట్లోనే ఉందనిపిస్తుంది. అక్కడ గొప్ప సదుపాయాల్లో చాలావాటికి గేటు ఉండదు. ఎవరైనా వెళ్లొచ్చు. ఆ మాటకొస్తే, దాచిపెట్టిన రహస్యం అంటూ అక్కడ పెద్దగా ఏమీ లేదు.

## సముద్రం మీద సిటీ బస్సు

ఊరి నడిబొడ్డున, అధ్యక్ష భవనం ముందు కౌప్పతోరి అనే బజారు ఉంది. ఆ ఒడ్డునుంచే సువోమెన్‌లిన్నకు పడవ బయల్దేరుతుంది. ఫిన్లాండ్ స్వీడన్ ఏలుబడిలో ఉన్న రోజుల్లో, 1748లో, కొన్ని దీవుల మీద కట్టడం మొదలుపెట్టిన కోట ఇది. 1991లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. పర్యాటకుల పుస్తకాలన్నిటిలో ఇదే మొదటి పేరు.

ఆ కోటలో ఇప్పటికీ దాదాపు 800 మంది కాపురం ఉంటున్నారు. వాళ్లకు ఆ పడవ విహారనౌక కాదు, సిటీ బస్సు. ట్రామ్, మెట్రో, లోకల్ రైలు, బస్సు నడిపే హెచ్‌ఎస్‌ఎల్ అనే ప్రాంతీయ రవాణా సంస్థ టికెట్టే దానికీ చెల్లుతుంది.

ఆ టికెట్ లెక్క కొత్తవాళ్లను కాస్త తికమకపెడుతుంది. రాజధాని ప్రాంతాన్ని ఏ, బీ, సీ, డీ అని నాలుగు మండలాలుగా, ఉల్లిపాయ పొరల్లా విడదీశారు. నగరంలో తిరగడానికి మామూలుగా కొనేది ఏబీ టికెట్. విమానాశ్రయం సీలో ఉంది కాబట్టి అక్కడినుంచి వచ్చేవాళ్లకు ఏబీసీ కావాలి. ఒక ఉదాహరణ చూద్దాం. ఉదయం 10 గంటలకు కల్లియో పేటలో ట్రామ్ ఎక్కబోతూ ఫోన్లో ఏబీ టికెట్ కొన్నారనుకోండి. అది 80 నిమిషాలు, అంటే 11:20 దాకా పనిచేస్తుంది. పావుగంటలో బజారు రేవుకు చేరారు. 10:20కి పడవ దొరికిందనుకుంటే 10:40కల్లా కోటలో ఉంటారు. ట్రామ్‌కూ పడవకూ కలిపి ఒక్కటే టికెట్. కోట లోపలికి వెళ్లడానికి రుసుము లేదు, మ్యూజియంలకు మాత్రం విడిగా ఉంటుంది. మధ్యాహ్నం రెండింటికి తిరిగి బయల్దేరితే పాతది చెల్లిపోయింది కనుక ఇంకోటి కొనాలి. రోజులో నాలుగుసార్లు ఎక్కి దిగేవాళ్లకైతే రోజు టికెట్టే లాభం.

ఇంకో వింత ఏమిటంటే, చాలాచోట్ల ఆ టికెట్‌ను ఆపి చూసేవాళ్లు ఉండరు. మెట్రోలో అడ్డుగేట్లు లేవు. ట్రామ్‌లో ఏ తలుపునుంచైనా ఎక్కేయొచ్చు, కండక్టర్ ఉండడు. ఎప్పుడో ఒకసారి తనిఖీవాళ్లు వస్తారు, అప్పుడు టికెట్ లేకపోతే జరిమానా గట్టిగానే పడుతుంది. ఈ నమ్మకం ఊరికే రాలేదు. ఈ రవాణా ఖర్చులో పెద్ద వాటా ఊళ్ల పన్నుల డబ్బునుంచే వస్తుంది. అంటే అక్కడి ప్రయాణికుడు ఎక్కకముందే సగం టికెట్ కట్టేసినట్టు.

## లైబ్రరీలో కుట్టుమిషన్

ఫిన్లాండ్ పార్లమెంటు భవనానికి ఎదురుగా, చదునైన మైదానం అవతల, ఊడి అనే లైబ్రరీ ఉంది. దేశానికి స్వాతంత్ర్యం వచ్చి నూరేళ్లయిన సందర్భంగా తలపెట్టిన కట్టడం. స్వాతంత్ర్య దినం డిసెంబర్ 6 అయితే, 2018లో ఆ ముందురోజున దీన్ని తెరిచారు. పుస్తకాలున్నది పై అంతస్తులో. మధ్య అంతస్తులో కుట్టుమిషన్లు, త్రీడీ ప్రింటర్లు, పాట రికార్డు చేసుకునే గదులు ఉన్నాయి. లోపలికి వెళ్లడానికి కార్డు అక్కర్లేదు, ఎవరూ ఏమీ అడగరు.

డిసెంబర్ రెండో సగంలో హెల్సింకిలో పగలు ఆరు గంటలకన్నా తక్కువే. మధ్యాహ్నం మూడున్నరకల్లా చీకటి పడిపోయే ఊళ్లో, పైసా ఖర్చు లేకుండా వెచ్చగా కూర్చునే చోటు ఎంత అవసరమో ఆలోచించండి. పర్యాటకుడు ఆ భవనం గొప్పదని చూడ్డానికి వస్తాడు. పక్కన కూర్చున్న పెద్దాయన ఇంటి దగ్గర తోచక వచ్చి ఉంటాడు.

## ఆవిరిగది: ఇంట్లోదా, ఊరిదా?

ఎక్కువ గందరగోళం సౌనా అనే ఈ ఆవిరిగది దగ్గరే. సుమారు 56 లక్షల జనాభా ఉన్న ఫిన్లాండ్‌లో 30 లక్షల సౌనాలు ఉన్నాయని అంచనా. చెక్క గది, అందులో రాళ్లు పేర్చిన పొయ్యి, మెట్లలా కట్టిన బల్లలు. గది వేడి 70 నుంచి 100 డిగ్రీల మధ్య ఉంటుంది. పొయ్యి మీది రాళ్లపై గరిటెతో నీళ్లు చల్లితే పైకి లేచే ఆవిరిని ‘లోయ్లు’ అంటారు. ఆవిరి ముందు పైకి వెళ్తుంది కాబట్టి పైబల్ల మీద కూర్చున్నవాళ్లకు చెవులు భగ్గుమంటాయి, కిందిబల్ల కాస్త నయం. నీళ్లు చల్లేముందు, చల్లమంటారా అని పక్కవాళ్లను ఒక మాట అడగడం మర్యాద.

దీన్ని ఊరివాళ్లు ఎక్కడ చేస్తారు అన్నదానికి మూడు జవాబులున్నాయి, మూడూ నిజమే. సొంత ఇల్లున్నవాళ్లకు ఇంట్లోనే ఉంటుంది. అపార్ట్‌మెంట్లలో చాలాచోట్ల అందరికీ కలిపి ఒక సౌనా ఉంటుంది, వారానికోసారి ఫలానా రోజు ఫలానా గంట మీది అని ఒక్కో కుటుంబానికి వంతు రాసిస్తారు. ఈ వంతును ‘సౌనవువోరో’ అంటారు. ఈ రెండు చోట్లా బయటివాళ్లకు దారి లేదు, ఎవరైనా పిలిస్తే తప్ప. ఫిన్లాండ్‌వాళ్లు సౌనాకు పిలిచారంటే మనింట్లో భోజనానికి పిలిచినంత లెక్క.

మూడోది ఊరి సౌనా. ఇళ్లలో స్నానాల గదులు లేని కాలంలో కూలిపేటల జనం వారానికోసారి వీటికి వెళ్లేవాళ్లు. ఇళ్లలోకి నీళ్లూ స్నానాల గదులూ వచ్చాక ఇవి ఒక్కొక్కటే మూతపడ్డాయి. ఒకప్పుడు కార్మికుల పేటగా ఉన్న కల్లియోలో 1928లో మొదలైన కోతిహర్యు సౌనా మాత్రం కట్టెల పొయ్యితో నేటికీ నడుస్తోంది. ఆడవాళ్లకు వేరుగా, మగవాళ్లకు వేరుగా ఉంటుంది. సాయంత్రం అటుగా వెళ్తే, నడుముకు తువ్వాలు చుట్టుకుని మనుషులు బయట వీధి పక్కన కూర్చుని చల్లగాలికి సేదతీరుతుంటారు. చలికాలంలో వాళ్ల భుజాలమీదినుంచి పొగలా ఆవిరి లేస్తూ ఉంటుంది. ముందునుంచి ట్రాఫిక్ పోతూనే ఉంటుంది, ఎవరూ ఎవర్నీ వింతగా చూడరు.

2016లో సముద్రం ఒడ్డున లోయ్లు అనే పేరుతోనే కొత్త సౌనా వచ్చింది. బజారు పక్కన అల్లాస్ అనే ఈతకొలను, సౌనా కలిసిన చోటు కూడా అదే ఏడు తెరిచారు. వీటితో ఊరి సౌనాకు మళ్లీ కళ వచ్చింది. లోయ్లులో ఆడా మగా కలిసే కూర్చుంటారు, ఈతదుస్తులు తప్పనిసరి. పాత పద్ధతి సౌనాల్లో ఆడామగా విడివిడిగా, ఒంటిమీద బట్టల్లేకుండా కూర్చుంటారు. ‘బట్టలుంటాయా, ఉండవా’ అని తెలుగువాళ్లు పడే టెన్షన్‌కు జవాబు అందుకే ఒక్క మాటలో దొరకదు, ఏ సౌనా అన్నదాన్నిబట్టి ఉంటుంది. యుర్యోన్‌కాతు వీధిలో 1928 నాటి ఈతకొలను ఒకటుంది. ఆడవాళ్లకు కొన్ని రోజులు, మగవాళ్లకు కొన్ని రోజులు. అక్కడ ఈతదుస్తులు వేసుకోవడానికి అనుమతి వచ్చిందే 2001లో.

కొత్తవి ‘పర్యాటకుల కోసం కట్టినవి’, పాతవే ‘అసలైనవి’ అనే వాదన అక్కడా వినిపిస్తుంది. నేను అంత తేల్చి చెప్పలేను. కొత్తవాటిలో ఊరివాళ్లూ నిండుగానే ఉంటారు. పాతదానిలో విదేశీయులూ కనిపిస్తారు. ఫిన్లాండ్ సౌనా సంప్రదాయాన్ని 2020లో యునెస్కో అమూర్త వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ గుర్తింపు ఏ ఒక్క గదికో ఇచ్చింది కాదు, వంతులు రాసుకుని, కట్టెలు పేర్చి, పక్కవాడిని అడిగి నీళ్లు చల్లే అలవాటుకు ఇచ్చింది.

## అడవి ఎవరిదైనా, దారి అందరిది

హెల్సింకి నడిమధ్య ఉన్న తోలోన్‌లహ్తి అనే సముద్రపాయ దగ్గర మొదలై ఉత్తరంగా దాదాపు 10 కిలోమీటర్లు సాగే కేస్కుస్‌పుయిస్తో, అంటే ‘నడిమి పార్కు’, పేరుకే పార్కు. లోపలికి వెళ్లేకొద్దీ అచ్చమైన అడవి.

ఇక్కడ తెలుసుకోవాల్సిన హక్కు ఒకటుంది. అడవి సర్కారుదైనా ప్రైవేటుదైనా యజమానిని అడక్కుండా అందులో నడవొచ్చు, మంచు మీద స్కీయింగ్ చేయొచ్చు, నీలం బెర్రీలు, పుట్టగొడుగులు ఏరుకోవచ్చు. దీన్ని ‘ప్రతి మనిషి హక్కు’ అంటారు. పౌరసత్వంతో పని లేదు, నిన్న దిగిన పర్యాటకుడికీ ఇది వర్తిస్తుంది.

హద్దులూ ఉన్నాయి. ఇళ్ల పెరట్లోకి వెళ్లకూడదు. పంట నిలిచిన చేలో తొక్కుకుంటూ పోకూడదు. స్థలం యజమాని ఒప్పుకోకుండా మంట పెట్టకూడదు. చెట్టు నరకకూడదు. బెర్రీ కోసుకోవచ్చు, కొమ్మ విరవకూడదు అన్నమాట. పుట్టగొడుగుల్లో విషపువీ ఉంటాయి కాబట్టి, హక్కుతోపాటు వాటిని గుర్తుపట్టే చదువు కూడా కావాలి. ఆ చదువు వాళ్లకు చిన్నప్పుడే అమ్మమ్మల వెంట తిరిగితే వచ్చింది.

## తివాచీల రేవు

జాబితాల్లో అరుదుగా కనిపించే చోటు ఇది. మన ఊళ్లలో చాకిరేవు ఉన్నట్టు, హెల్సింకి తీరంలో తివాచీలు ఉతికే రేవులున్నాయి. కైవోపుయిస్తో పార్కు ఒడ్డున ఉన్నది అందరికీ తెలిసినది. నీళ్ల అంచున చెక్క వేదిక, దాని మీద పొడుగాటి బల్లలు. ఎండాకాలం రాగానే ఇంట్లో పరిచే గుడ్డ తివాచీలు మోసుకొచ్చి, బల్లమీద పరిచి, పైన్ సబ్బు రాసి, గట్టి బ్రష్‌తో రుద్దుతారు. నీళ్లు పిండడానికి రెండు రోలర్ల మధ్యనుంచి తివాచీని నడిపిస్తారు, ఒకరు పట్టుకుంటే ఇంకొకరు తిప్పాలి. తర్వాత దండెం మీద ఆరేసి, ఆరేదాకా పక్కన కాఫీ. రుసుము లేదు. పిల్లలు కాళ్లు తడుపుకుంటూ ఆడుతుంటారు, పెద్దవాళ్లు ఒకరి తివాచీ ఒకరు పట్టిస్తారు.

దీనికీ ఒక చిక్కు వచ్చింది. సబ్బునీళ్లు నేరుగా బాల్టిక్ సముద్రంలోకి పోతున్నాయి. ఆ సముద్రం అసలే లోతు తక్కువది, నీరు మారడం నెమ్మది. అందుకని మురుగు కాలువకు కలిపిన రేవులను ఒడ్డు మీద కట్టే ఏర్పాట్లు సాగుతున్నాయి. సముద్రాన్ని చూస్తూ ఉతికే సుఖం పోతుందని కొందరికి బాధ. సముద్రమే బాగుండాలని ఇంకొందరు. రెండు పక్షాలకూ ప్రేమ ఆ నీళ్ల మీదే.

## ఊరివాళ్లు ఊళ్లోనే లేని రోజులు

ఇక మూడో సంగతి, కాలం. మనవాళ్లు హెల్సింకికి ఎక్కువగా వెళ్లేది జూన్, జూలైల్లో. జూన్ చివర్లో పగలు దాదాపు 19 గంటలుంటుంది, ఎండ హాయిగా ఉంటుంది. ఆ రోజుల్లో ఊరివాళ్లు చేసే పని ఊరు వదిలి వెళ్లడం! దేశంలో సుమారు 5 లక్షల వేసవి ఇళ్లున్నాయి. చెరువు గట్టునో సముద్రపు దీవిలోనో ఉండే చిన్న చెక్కఇంటిని ‘మోక్కి’ అంటారు. జూన్ 20కీ 26కీ మధ్య శనివారం వచ్చే యుహన్నుస్ పండగకు నగరం ఖాళీ అయిపోతుంది, మన సంక్రాంతికి హైదరాబాద్ ఖాళీ అయినట్టు. చాలా దుకాణాలు మూసి ఉంటాయి. ఆ రెండు రోజులూ ‘లోకల్‌లా’ గడపాలనుకునే మనిషికి హెల్సింకిలో ఏమీ దొరకదు.

ఊరు ఊరంతా ఊళ్లోనే, అదీ వీధుల్లోనే ఉండేది ఏప్రిల్ 30 సాయంత్రం. అది వప్పు పండగ. బజారు దగ్గర 1908 నాటి హవిస్ అమండా అనే స్త్రీ విగ్రహానికి విద్యార్థులు తెల్లటోపీ పెడతారు. చదువు పూర్తయినప్పుడు వచ్చిన తెల్లటోపీలను డెబ్బై ఏళ్లవాళ్లు కూడా ఆరోజు తలకు పెట్టుకుంటారు. మర్నాడు కైవోపుయిస్తో గడ్డిమీద చలికి వణుకుతూనే అందరూ కలిసి తింటారు.

వారంలో కూడా ఇలాంటి తేడాలున్నాయి. పనిరోజుల్లో పదకొండు నుంచి రెండుదాకా హోటళ్లు ‘లౌనస్’ పేరుతో మధ్యాహ్నం భోజనం పెడతాయి, రాత్రి అదే హోటల్లో అయ్యే ఖర్చుకన్నా ఇది బాగా తక్కువ. గురువారమైతే చాలాచోట్ల బఠాణీ సూప్, తర్వాత పాన్‌కేక్. ఊళ్లో కుళాయి నీళ్లే తాగుతారు. అవి పైయన్నె సరస్సునుంచి 120 కిలోమీటర్ల రాతి సొరంగంలో వస్తాయి.

## ఏ ఊరివాళ్లు?

హెల్సింకిలో ఇప్పుడు ప్రతి ఐదుగురిలో దాదాపు ఒకరి మాతృభాష ఫిన్నిష్ కాదు, స్వీడిష్ కాదు. తూర్పు హెల్సింకికి మెట్రో ఎక్కి ఇతాకేస్కుస్‌లో దిగితే పూహోస్ అనే పాత అంగళ్ల సముదాయం ఉంది. సోమాలీ, అరబ్బు దుకాణాలు, హోటళ్లు, క్షౌరశాలలు. హకనియెమిలో 1914 నాటి అంగడి భవనం చుట్టుపక్కల ఆసియా కిరాణాలున్నాయి, అక్కడ బియ్యం, పప్పులు కొనుక్కునే తెలుగు ఇంజనీరూ ఆ ఊరివాడే. దాల్చినచెక్క రొట్టె ‘కొర్వపూస్తి’ ఎంత లోకలో, పూహోస్‌లో అన్నం, మేకమాంసం అంతే లోకల్. జాబితాలు మొదటిదాన్నే చూపిస్తాయి.

## అందరూ లోకల్ అవ్వాలనుకుంటే?

ఈ పద్ధతి మంచిదేనా అన్నదాని మీద నార్డిక్ దేశాల, అంటే ఉత్తర ఐరోపా దేశాల, రాజధానుల్లో చర్చ నడుస్తోంది. మరో నార్డిక్ దేశం డెన్మార్క్‌లో, రాజధాని కోపెన్‌హాగన్ పర్యాటక సంస్థ 2017లోనే, మనకు తెలిసిన పర్యాటకం ముగిసిందని ప్రకటించి, వచ్చినవాళ్లను తాత్కాలిక ఊరివాళ్లుగా చూద్దామంది. 2024 వేసవిలో ఇంకో అడుగు వేసింది: సైకిల్ మీద వచ్చినవాళ్లకు, కాలువలో చెత్త ఏరినవాళ్లకు కాఫీయో, మ్యూజియం ప్రవేశమో, పడవ షికారో ఉచితంగా ఇచ్చే పథకం పెట్టింది.

సమర్థించేవాళ్ల మాట: జనం ఒకేచోట పోగుపడకుండా నాలుగు పేటలకూ వెళ్తారు, చిన్న దుకాణాలకు నాలుగు డబ్బులొస్తాయి, వచ్చినవాళ్లు ఊరిని గౌరవిస్తారు. కాదనేవాళ్ల మాట: ఇంతకుముందు పర్యాటకులు చర్చి ముందు ఆగేవాళ్లు, ఇప్పుడు మా మెట్లమీదకు వచ్చారు.

రెండో మాట అర్థం కావాలంటే అక్కడి ఇళ్ల ఏర్పాటు తెలియాలి. హెల్సింకిలో సొంత ఫ్లాట్లుండే అపార్ట్‌మెంట్లు చాలావరకు ఒక్కో భవనం ఒక కంపెనీ. ఫ్లాట్ కొనడమంటే ఆ కంపెనీ వాటాలు కొనడం, ఆ వాటాలు ఫలానా ఫ్లాట్‌లో ఉండే హక్కును ఇస్తాయి. పైకప్పు ఖర్చు, సౌనా వంతులు, చెత్త వేరుచేయడం, వసంతంలో అందరూ కలిసి పెరడు ఊడ్చే శ్రమదానం, అన్నీ ఉమ్మడి. ఆ శ్రమదానాన్ని ‘తల్కోత్’ అంటారు. అలాంటి భవనంలో నాలుగు ఫ్లాట్లు రోజువారీ అద్దెకు పోతే, ఊడ్చేచోట నాలుగు చీపుర్లు తగ్గుతాయి. ‘ఊరివాళ్ల ఇంట్లో’ బస చేసిన పర్యాటకుడికి ఆ లోటు కనపడదు. అయితే ఆ ఫ్లాట్ యజమానికి అద్దె డబ్బుతో ఇంటి అప్పు తీరుతుంది, అదీ నిజమే. ఇక్కడ ఇబ్బంది వచ్చింది లైబ్రరీలో కూర్చున్న, పడవ ఎక్కిన పర్యాటకుడితో కాదు. ఉమ్మడి సొత్తు వాడుకోవడం వేరు, ఒకరి కాపురం మధ్యలో దిగడం వేరు. చర్చలో ఈ రెండూ తరచూ కలగలిసిపోతున్నాయి.

సువోమెన్‌లిన్నలో దీనికి ఒక ఏర్పాటు చేసుకున్నారు. ఏటా లక్షలమంది వచ్చే ఆ దీవిలో, పర్యాటకుల కోసం ఒకటిన్నర కిలోమీటర్ల ‘నీలి దారి’ గుర్తుపెట్టి ఉంచారు. అది ఉత్తరపు రేవునుంచి దక్షిణాన ఉన్న కోట సింహద్వారం దాకా వెళ్తుంది. ఎక్కువమంది దానివెంటే నడుస్తారు. దారికి పక్కగా, రాతిగోడల వెనక, ఆరేసిన బట్టలు, పిల్లల సైకిళ్లు కనిపిస్తాయి. అటు ఎవరైనా వెళ్లగలరు, చాలామంది వెళ్లరు. సాయంత్రం దీవినుంచి నగరానికి వచ్చే పడవ కిక్కిరిసి ఉంటుంది. తిరుగు పడవలో అటు వెళ్లేవాళ్లు కొద్దిమందే. చేతిలో సరుకుల సంచీ, స్కూలు బ్యాగు తగిలించుకున్న పిల్లవాడు. కెమెరా ఎవరి దగ్గరా ఉండదు, కిటికీలోంచి కూడా ఎవరూ బయటికి చూడరు.